వదులుకోవాలంటే ముందు ఉండాలి

నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలంలో రెండు ఊళ్ళున్నాయి. ఒకటి పెన్నా ఒడ్డున ఉన్న పల్లిపాడు. 1921 ఏప్రిల్ 7న గాంధీజీ స్వయంగా వచ్చి అక్కడ పినాకినీ సత్యాగ్రహ ఆశ్రమాన్ని ప్రారంభించారు. రెండవది సముద్రపు ఒడ్డున ఉన్న మైపాడు. పట్టపు కులస్థుల పడవలు, వలలు, ఇసుకలో ఆరబెట్టిన చేపలు అక్కడి బతుకు. ఆ తీరం పొడవునా కాలువల్లో, మడుగుల్లో చేతులతో చేపలూ పీతలూ పట్టి పొట్ట పోసుకునేవారు యానాదులు. ఒకే మండలంలోని ఆ రెండు ఊళ్ళ మధ్య దూరం కొద్ది మైళ్ళే. ఆహారనీతి విషయంలో మాత్రం ఆ దూరాన్ని మనం నూరేళ్ళుగా దాటలేకపోతున్నాం.

గాంధీజీ కేవలం శాకాహారి కారు. పాడిపశువుల పట్ల జరిగే క్రూరత్వం గురించి తెలుసుకుని 1912లో దక్షిణాఫ్రికాలో పాలు తాగడమే మానేశారు. 1918లో తీవ్రంగా జబ్బుపడి, ఎంతకూ కోలుకోక, మరుసటి ఏడాది ఆరంభంలో వైద్యుని ఒత్తిడి, కస్తూర్బా సూచనలతో మేకపాలు పుచ్చుకున్నారు. ప్రతిజ్ఞ పట్టినప్పుడు మనసులో ఉన్నవి ఆవుపాలు, గేదెపాలే కదా అని సర్దిచెప్పుకున్నా, ఆ సర్దుబాటు తనను బాధిస్తూనే ఉందని ఆత్మకథలో ఒప్పుకున్నారు. ఇవాళ్టి భాషలో ఆయన చేసిన ప్రయత్నం పేరు వీగనిజం. ఆ మాట అప్పటికి పుట్టలేదు. మాంసంతో పాటు పాలు, గుడ్లు కూడా ముట్టనివారి కోసం 1944లో ఇంగ్లండులో డొనాల్డ్ వాట్సన్ బృందం కల్పించుకున్న పేరది.

ఆ ప్రయోగంలో మనం గమనించని విషయం ఒకటుంది. గాంధీజీకి పాలు మానే అవకాశం ఉంది, ప్రాణం మీదికి వచ్చినప్పుడు మళ్ళీ తాగే అవకాశమూ ఉంది. పక్కన వైద్యులున్నారు, కంటికి రెప్పలా కనిపెట్టుకున్న మనుషులున్నారు. మైపాడు తీరంలోని యానాది గుడిసెలో పాలు మానడమనే ప్రశ్నే తలెత్తలేదు. పశువు లేనివాడికి పాలెక్కడివి? నెయ్యి, వెన్న, పెరుగు అన్నవి పండుగనాటి మాటలు. గంజి, గొడ్డుకారం, దొరికిన ఆకుకూర, అదృష్టం బాగుంటే ఇన్ని చేపలు. ఆ చేపల్ని తీసేస్తే మిగిలేది అచ్చమైన వీగన్ భోజనమే. దానిని మాత్రం ఎవరూ నీతి అనలేదు, దరిద్రం అన్నారు. ఇష్టపడి మానడానికీ, దొరక్క మానడానికీ నడుమ ఉన్న ఈ తేడాయే మన దేశంలో వీగనిజం గురించిన చర్చకు మొదటి మెట్టు కావాలి.

ఈ చర్చ ఇప్పుడు విదేశీ వ్యవహారం కాదు. వీగన్ ఆహార పదార్థాలకు ప్రత్యేక నిబంధనలనూ, గుర్తునూ 2022లో కేంద్ర ఆహార భద్రతా సంస్థ తెచ్చింది. బాదం పాలు, సోయా పాలు, మొక్కల నుంచి తీసిన కృత్రిమ మాంసం నగరాల దుకాణాల్లో కనిపిస్తున్నాయి. విశ్వవిద్యాలయాల్లో జంతుహక్కుల గురించి మాట్లాడే యువతీయువకులు పెరుగుతున్నారు. వారిని ఎగతాళి చేయడం తేలిక. వారు చెప్పేదానిలో నిజమెంతో ముందు చూడాలి.

నిజం చాలానే ఉంది. 2018లో 'సైన్స్' పత్రికలో పూర్, నెమెచెక్ ప్రచురించిన విస్తృత అధ్యయనం ప్రకారం ప్రపంచ వ్యవసాయ భూమిలో 83 శాతాన్ని మాంసం, పాలు, గుడ్లు, చేపల పెంపకమే వాడుకుంటున్నాయి. అవి మనిషికి ఇస్తున్నది మాత్రం 18 శాతం కేలరీలు, 37 శాతం మాంసకృత్తులు. ఈ లెక్కలో మన జిల్లా పేరు కూడా ఉంది. బ్రెజిల్‌లో మాంసం కోసం పెంచే పశువుల్లో అత్యధిక భాగం 'నెలోరె' జాతివి. పూర్వం నెల్లూరు జిల్లాలో భాగమైన ఒంగోలు ప్రాంతపు పశువులు 19వ శతాబ్దం నుంచి ఓడలెక్కి వెళ్ళి అక్కడ ఆ పేరుతో స్థిరపడ్డాయి. అమెజాన్ అడవుల నరికివేతకు ప్రధాన కారణం ఆ పశువుల మేతబీళ్ళే. ఇక్కడ రైతు కాడి మోసిన జాతి అక్కడ అడవిని మింగే వ్యాపారానికి ముడిసరుకైంది. తప్పు పశువుది కాదు, దాని చుట్టూ అల్లుకున్న లాభాపేక్షది.

ఆరోగ్యం విషయంలోనూ వీగన్ల వాదనకు ఆధారాలున్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యంలోని క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2015లో శుద్ధిచేసి నిల్వ ఉంచిన మాంసాన్ని క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది. పప్పులు, కాయగూరలు, గింజలు, తృణధాన్యాలతో పద్ధతిగా కూర్చుకున్న వీగన్ ఆహారం చెడు కొలెస్ట్రాల్‌ను, గుండెజబ్బు, మధుమేహాల ముప్పును తగ్గిస్తుందని అనేక పరిశోధనలు చూపాయి. అయితే 'పద్ధతిగా కూర్చుకున్న' అన్న మాట దగ్గర ఆగాలి. విటమిన్ బి12 మొక్కల్లో నమ్మదగిన మోతాదులో దొరకదు. వీగన్ అయినవారు జీవితాంతం దానిని మాత్రల రూపంలోనో, బలవర్ధక ఆహారం ద్వారానో తీసుకోవలసిందే. ఆకుకూరల్లోని ఇనుమును శరీరం మాంసంలోని ఇనుమంత సులువుగా గ్రహించదు. పక్కన నిమ్మ, ఉసిరి వంటి పులుపు ఉండాలి. బ్రిటన్‌లో వేలాది మందిపై ఏళ్ళ తరబడి సాగిన పరిశోధన 2020లో వెల్లడించిన ఫలితాల్లో, మాంసాహారుల కంటే వీగన్లలో ఎముకలు విరిగే ముప్పు ఎక్కువగా కనిపించింది. రక్తపరీక్ష చేయించుకోగలిగినవాడికి ఇవన్నీ పరిష్కరించుకోదగిన సమస్యలే. చేయించుకోలేనివాడి సంగతేమిటి?

జవాబుకు ముందు మరొక విషయం. వీగనిజాన్నీ, మన సంప్రదాయ శాకాహారాన్నీ ఒకే గాటన కట్టడం పొరపాటు. ఒక విధంగా అవి బద్ధశత్రువులు. మన శాకాహారానికి పునాది జంతువు బాధ కాదు, శుచి. మాంసం మైల, నెయ్యి పవిత్రం. పంచామృతం లేని పూజ లేదు, వెన్న లేని కృష్ణుడు లేడు. వీగన్ అడిగే ప్రశ్న ఆ నేతిగిన్నె వైపే నేరుగా వేలు చూపుతుంది. పాలిచ్చే గేదె ఏటేటా ఈనాలి. ఈనిన దూడల్లో సగం మగవి. యంత్రాలు దుక్కి దున్నే కాలంలో ఆ దున్నపోతు దూడ ఎక్కడికి పోతుంది? వట్టిపోయిన గేదె ఎక్కడికి పోతుంది? భారతదేశం ప్రపంచంలోనే అత్యధికంగా పాలు ఉత్పత్తి చేసే దేశం. ప్రపంచంలో గేదె మాంసం అత్యధికంగా ఎగుమతి చేసే దేశాల్లోనూ ముందు వరుసలో ఉంది. ఈ రెండూ ఒకే గొడ్లచావడికి ఉన్న రెండు వాకిళ్ళు. సింహాచలం వంటి క్షేత్రాల్లో భక్తులు కోడెదూడలను మొక్కుగా సమర్పించే ఆచారం వెనుక కూడా పాడికి పనికిరాని మగదూడ భారాన్ని దించుకునే ఆర్థికం దాగి ఉంది. యామినీ నారాయణన్ 2023లో వెలువరించిన పుస్తకం ఈ పాడి రాజకీయాన్నే వివరంగా చర్చించింది.

కాబట్టి పాలు తాగుతూ మాంసం తినేవాడిని చిన్నచూపు చూసే హక్కు ఎవరికీ లేదు. తేడా ఒక్కటే. పాడి లాభం ఒక కులానికి, చచ్చిన గొడ్డును మోసే పని మరో కులానికి పంచిపెట్టిన సమాజం మనది. 2016 జూలైలో గుజరాత్‌లోని ఉనాలో చనిపోయిన ఆవు చర్మం ఒలుస్తున్న దళిత యువకులను కట్టేసి కొట్టారు. మరుసటి నెలలోనే మన అమలాపురంలో విద్యుదాఘాతంతో చనిపోయిన ఆవు చర్మం తీస్తున్న దళితులపై దాడి జరిగింది. ఆవు బతికుండగా పాలు పిండుకున్నవారిని ఎవరూ ప్రశ్నించలేదు. చచ్చాక దాన్ని తొలగించే బాధ్యతను కులం పేరిట ఎవరి నెత్తిన పెట్టారో వారే దోషులయ్యారు. నిజమైన వీగన్ ఎవరి పక్షాన నిలబడాలో ఇంతకంటే స్పష్టంగా చెప్పే సందర్భం ఉండదు.

దురదృష్టమేమంటే, మనదగ్గర వీగనిజం తరచు ఆ పక్షాన నిలబడడం లేదు. జంతుకరుణ భాషను అరువు తెచ్చుకుని పాత మైల కొత్త చొక్కా తొడుక్కుంటోంది. 2018లో ఐఐటీ మద్రాసు భోజనశాలలో శాకాహారులకు, మాంసాహారులకు వేర్వేరు ద్వారాలు సూచించే పోస్టర్లు వెలిశాయి. 2023లో ఐఐటీ బొంబాయిలో 'శాకాహారులకు మాత్రమే' బల్లల వివాదంలో నిరసన తెలిపినందుకు ఒక విద్యార్థికి 10,000 రూపాయల జరిమానా విధించారు. 2024 మార్చిలో జొమాటో సంస్థ 'ప్యూర్ వెజ్' కోసం ఆకుపచ్చ దుస్తుల డెలివరీ దళాన్ని ప్రకటించి, విమర్శలు రాగానే ఆ దుస్తుల తేడాను వెనక్కి తీసుకుంది. అద్దె ఇంటికోసం తిరిగిన ప్రతి దళిత విద్యార్థికీ 'వెజిటేరియన్లకే' అన్న బోర్డు అర్థం తెలుసు. అది వంట గురించిన ప్రశ్న కాదు, కులం గురించిన ఆరా. 2014 నాటి నమూనా రిజిస్ట్రేషన్ సర్వే లెక్కల్లో తెలుగు రాష్ట్రాల్లో మాంసాహారులు 98 శాతం దాకా ఉన్నారు. రెండు శాతం మంది ఆచారం ప్రమాణంగా మారి, మిగిలినవారందరూ సంజాయిషీ చెప్పుకోవలసి రావడాన్ని ఆధిపత్యం అనక మరేమంటాం?

ఇప్పుడు మళ్ళీ మన తీరానికి వద్దాం. నెల్లూరు అనగానే చేపల పులుసు గుర్తొస్తుంది. ఈ తీరపు పర్యావరణాన్ని దెబ్బతీసింది ఆ పులుసు కాదు. 1990ల ఆరంభం నుంచి పొలాలను, ఉప్పుటేరుల అంచులను ఆక్రమించిన ఎగుమతి రొయ్యల చెరువులు. వాటి ఉప్పునీరు పక్క పొలాల్లోకీ, తాగునీటి బావుల్లోకీ ఊరింది. చెరువుల వ్యర్థాలు కాలువల్లో కలిశాయి. ఆ కాలువల మీద బతికే యానాదులకు చేపలూ పోయాయి, దారీ పోయింది. తమిళనాడులో భూమిలేని దళితుల కోసం పనిచేసిన సర్వోదయ నాయకుడు ఎస్. జగన్నాథన్ వేసిన వ్యాజ్యంలో 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు చారిత్రాత్మకమైన తీర్పు ఇచ్చింది. సంప్రదాయ పద్ధతుల్లో తప్ప తీరప్రాంత నియంత్రణ మండలంలో రొయ్యల సాగు కూడదన్నది. చిలికా, పులికాట్ సరస్సులకు వెయ్యి మీటర్ల లోపల అసలే కూడదన్నది. తొమ్మిదేళ్ళు తిరక్కముందే, 2005లో, పార్లమెంటు కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం తెచ్చి ఆ సాగుకు మళ్ళీ దారి తెరిచింది.

రొయ్యల మేతలో ఏముంటుందో కూడా చూడాలి. అందులో ఎండబెట్టి పొడిచేసిన చిన్న చేపలుంటాయి. పేదవాడి కుండలో ఉడకవలసిన నెత్తళ్ళు, కవళ్ళు వంటి చేపలు పొడిగా మారి రొయ్యను పెంచుతాయి. ఆ రొయ్య మంచుపెట్టెలో అమెరికా పళ్ళేనికి చేరుతుంది. రొయ్య పొట్టు వలిచే షెడ్లలో చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నా పనిచేసేది ఎక్కువగా బడుగు కులాల స్త్రీలే. అమెరికాకు చెందిన కార్పొరేట్ అకౌంటబిలిటీ ల్యాబ్ 2024 మార్చిలో వెలువరించిన నివేదిక మన రాష్ట్రపు రొయ్యల పరిశ్రమలో శ్రమదోపిడిని, పర్యావరణ హానిని ఎత్తిచూపింది. ఈ వ్యవస్థను విడిచిపెట్టి, కాలువలో పీత పట్టుకునే యానాది చేతిని పర్యావరణానికి శత్రువుగా చూపే నీతి ఏ నీతి? జంతువుల సంఖ్యతో లెక్కించినా, నేల నాశనంతో లెక్కించినా, తప్పు ఎటువైపు బరువుగా ఉందో తెలుస్తూనే ఉంది. వెన్నెలకంటి రాఘవయ్య 1962లోనే యానాదులపై గ్రంథం రాసి వారి బతుకును లోకానికి చూపారు. శ్రీహరికోట అడవిలో తేనె, దుంపలు ఏరుకుని బతికినవారు రాకెట్ కేంద్రం కోసం ఆ అడవిని వదులుకున్నారు. వారిని ఇప్పుడు మరొకటి వదులుకోమని అడిగే ముందు, ఇప్పటిదాకా వారు వదులుకున్నవాటి జాబితా చదవాలి.

ఇక ఆగిన ప్రశ్నకు వద్దాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఐదేళ్ళలోపు పిల్లల్లో 31.2 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు పెరగలేదు. 15-49 ఏళ్ళ స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. ప్రభుత్వం గర్భిణులకు పంచే ఐరన్ ఫోలిక్ ఆసిడ్ మాత్రలో బి12 లేదు. ముల్లుతో సహా నమిలి తినే ఎండు నెత్తళ్ళలో మాంసకృత్తులు, కాల్షియం, బి12 మూడూ ఉన్నాయి. బడి మధ్యాహ్న భోజనంలోని కోడిగుడ్డు కూడా అంతే. 2020లో 'జగనన్న గోరుముద్ద'గా వారానికి ఐదు గుడ్లతో సాగిన ఆ పథకం, 2024లో డొక్కా సీతమ్మ పేరుకు మారింది. పేరు మారినా గుడ్డు నిలిచింది. అది నిలవాలి కూడా. 2015లో మధ్యప్రదేశ్ ప్రభుత్వం అంగన్‌వాడీల్లో గుడ్డును నిరాకరించింది. 2021లో కర్ణాటకలో మఠాధిపతులు బడిలో గుడ్డు వద్దన్నారు. ఆ పిల్లల తరఫున మాట్లాడే అధికారం వారికి ఎవరిచ్చారు? ఇంటిలో నేతిగిన్నె ఉన్నవారు బడిపిల్లల గుడ్డును లాక్కోవడం కరుణ కాదు.

అయితే ఈ వాదనను దళిత బహుజన శ్రేణులు మరీ తేలికగా వాడుకోకూడదు. 'ఇది మా సంస్కృతి' అన్నది జంతువు బాధకు జవాబు కాదు. గుడ్ల ఉత్పత్తిలో దేశంలోనే ముందున్న రాష్ట్రం మనది. కాగితమంత చోటులో, రెక్క చాపలేని ఇనుప పంజరంలో కోడి బతుకంతా గడిచిపోతోంది. పుట్టుకతో శరీరాన్ని ఒకరి అవసరానికి కట్టివేయడం అంటే ఏమిటో మనకంటే బాగా ఎవరికి తెలుసు? అమెరికాలో నల్లజాతి స్త్రీల రచనలతో బ్రీజ్ హార్పర్ 2010లో తెచ్చిన 'సిస్టా వీగన్' సంకలనం ఈ దారిలోనే నడిచింది. తమ జాతి శరీరాలను పశువులుగా చూసిన చరిత్ర నుంచే వారు పశువు గురించి ఆలోచించారు, తెల్లవారి ఉపదేశం వల్ల కాదు.

మనకూ అటువంటి వారసత్వం ఉంది. 1927లో మహద్ పోరాట కాలంలో డాక్టర్ అంబేడ్కర్ చచ్చిన పశువు మాంసం తినడం మానమని తన ప్రజలకు చెప్పారు. అది పై కులాల మెప్పుకోసం చెప్పిన మాట కాదు. బానిసత్వపు గుర్తును విసిరికొట్టమన్న ఆత్మగౌరవ పిలుపు. 1948లో 'అంటరానివారు' గ్రంథంలో ఆయనే గోమాంసానికీ అంటరానితనానికీ ఉన్న సంబంధాన్ని చరిత్రగా విప్పి, శుచి సిద్ధాంతపు మూలాలను ప్రశ్నించారు. 1956లో నాగపూర్‌లో బౌద్ధం స్వీకరించినప్పుడు చేయించిన 22 ప్రతిజ్ఞల్లో సకల ప్రాణులపై దయ ఒకటి. మాంసం మానాలన్న ప్రతిజ్ఞ మాత్రం వాటిలో లేదు. దయను నిర్దేశించారు, పళ్ళేన్ని నిర్దేశించలేదు. ఆ తేడాలోనే మన దారి ఉంది.

మానడం ఎలా జరగాలో చెప్పే ఉదాహరణ కూడా నెల్లూరు జిల్లాలోనే దొరుకుతుంది. 1990ల ఆరంభంలో దూబగుంట స్త్రీలు సారా దుకాణాన్ని మూయించారు. ఎవరో వచ్చి తాగుడు పాపమని చెప్పినందువల్ల కాదు, ఆ సారా తమ కూలిడబ్బునూ తమ ఒంటినీ తినేస్తున్నదని వారికి తెలుసు కనుక. ఆ నిప్పు రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. నష్టపోయినవారే నిర్ణయించినప్పుడు మానడం ఉద్యమమవుతుంది. నష్టం లేనివారు నిర్దేశించినప్పుడు అది ఆంక్ష అవుతుంది.

అందుకే వీగన్ మిత్రులకు ఒక మనవి. మీరు మానండి, అది మంచిదే. ఎక్కువగా తినేవారి నుంచి, ఎంపిక ఉన్నవారి నుంచి మొదలుపెట్టండి. పెళ్ళిభోజనంలోని పనీరును, గుడిలోని క్షీరాభిషేకాన్ని, విందుబల్ల మీది రొయ్యను ప్రశ్నించండి. గోరక్షణ పేరిట జరిగే దాడులను ఖండించే మొదటి గొంతు మీది కావాలి. 'శాకాహారులకే' బల్లను తీసేయించే చేయి మీది కావాలి. పులికాట్ ఒడ్డున రొయ్యల చెరువుకు వ్యతిరేకంగా యానాదులు నిలబడితే వారి వెనుక నిలబడండి. బడిపిల్లవాడి గుడ్డు జోలికి మాత్రం పోకండి. దానికి సాటియైన పప్పు, వేరుశనగ, పాలకు ప్రత్యామ్నాయం, బి12 మాత్ర ప్రతి గుడిసెకూ చేరిన నాడు, ఆ పిల్లవాడే పెరిగి తన పళ్ళెం గురించి తాను నిర్ణయించుకుంటాడు.

పల్లిపాడులో ఆశ్రమం ఇంకా ఉంది. మైపాడులో పడవలూ ఉన్నాయి. పల్లిపాడు నుంచి మైపాడుకు ఉపదేశం పంపడం ఇప్పటిదాకా మనకు అలవాటు. ఇక ఆ దారిని తిరగవేయాలి. ఆహారనీతి గురించి మాట్లాడదలచినవారు ముందు మైపాడు వెళ్ళి, అక్కడి కుండలో ఏముందో, ఎందుకు అంతే ఉందో అడిగి తెలుసుకోవాలి.